హ్యాండిల్ కొట్టే పాత కార్లకు యాంత్రిక సెల్ఫ్ స్టార్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెల్ఫ్ అంటే బ్యాటరీతో తిరిగే మోటారే కదా? యాంత్రిక సెల్ఫ్ స్టార్టర్ అంటే ఏమిటి?

ఈనాడు మనం "సెల్ఫ్ కొట్టు", "సెల్ఫ్ పనిచేయడం లేదు" అన్నప్పుడు మనసులో ఉండేది విద్యుత్ మోటారే. అయితే 1910 ప్రాంతంలో అమెరికాలో ఈ మాట వ్యాపించినప్పుడు దాని అర్థం ఇంకా విశాలంగా ఉండేది. డ్రైవరు కిందికి దిగి, బండి ముందుకు వెళ్ళి, వంగి హ్యాండిల్ తిప్పే పని లేకుండా ఇంజన్‌ను మొదలుపెట్టే ఏ సాధనాన్నైనా సెల్ఫ్ స్టార్టర్ అనేవారు. ఆ శక్తి చుట్టిన స్ప్రింగ్ నుంచి రావచ్చు, సీటు దగ్గరి లివరును లాగే చేతి నుంచి రావచ్చు, తొట్టెలో నింపిన గాలి నుంచి రావచ్చు, దీపాల కోసం బండిలో ఉంచుకున్న ఎసిటిలిన్ గ్యాస్ నుంచి కూడా రావచ్చు.

ఇక్కడి సమాధానాలు ఎక్కువగా ఫోర్డ్ మోడల్ టి కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. 1908లో అమ్మకానికి వచ్చిన ఆ కారుకు 1919 వరకు ఫ్యాక్టరీ నుంచి విద్యుత్ స్టార్టర్ రాలేదు. ఉత్పత్తి ఆగిపోయిన 1927 నాటికి కోటిన్నర బళ్ళు తయారయ్యాయి. అంతమంది యజమానులు ఏళ్ళ తరబడి హ్యాండిల్ తిప్పుతూ ఉండడం వల్లనే బయటి తయారీదారులు రకరకాల యాంత్రిక స్టార్టర్లను చేసి అమ్మగలిగారు.

హ్యాండిల్ తిప్పడానికి నిజంగా అంత బలం కావాలా?

వేడెక్కిన ఇంజన్‌కు అక్కరలేదు. మోడల్ టి ఇంజన్ నాలుగు సిలిండర్లది, సామర్థ్యం సుమారు 2.9 లీటర్లు, శక్తి 20 హార్స్‌పవర్. సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నాలుగు రెట్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే నొక్కుతుంది కాబట్టి, పద్ధతి తెలిసిన సన్నని మనిషి కూడా దాన్ని తిప్పగలడు. నాలుగు సిలిండర్లు ఉన్నందువల్ల ప్రతి అరచుట్టుకూ ఒక కంప్రెషన్, అంటే ఆ నొక్కుడు, ఎదురవుతుంది. ఆ ఒక్క గుట్టను దాటిస్తే చాలు.

చలికాలంలో మాత్రం పరిస్థితి వేరు. ఆ కారు క్లచ్ పలకలన్నీ నూనెలో మునిగి ఉంటాయి. నూనె చిక్కబడితే న్యూట్రల్‌లో పెట్టినా పలకలు ఒకదానికొకటి అంటుకుని, ఇంజన్‌తో పాటు చక్రాలను కూడా తిప్పాల్సినంత బరువు చేతి మీద పడుతుంది. అందుకే ఆనాటి యజమానులు వెనక చక్రాల్లో ఒకదాన్ని జాకీతో పైకి లేపి హ్యాండిల్ తిప్పేవారు. మిగిలిన చక్రాలకు అడ్డం పెట్టకుండా ఈ పని చేసిన వాళ్ళ మీదికి బండి వచ్చిన సందర్భాలు ఉండేవి.

అయినా అసలు ప్రమాదం బలంలో లేదు. అది స్పార్క్ పడే సమయంలో ఉంది. ఈ సంగతి అర్థమైతే ఏ స్టార్టర్ మంచిది, ఏది కాదు అన్నది మీరే తేల్చుకోగలరు. కాబట్టి తర్వాతి ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇంజన్ ఎదురు ఎందుకు తంతుంది?

ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందే స్పార్క్ పడాలి, ఎందుకంటే మిశ్రమం పూర్తిగా మండడానికి కొంత సమయం పడుతుంది. నెమ్మదిగా, చేత్తో తిప్పుతున్నప్పుడు అలా ముందుగా స్పార్క్ పడితే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. అప్పుడు పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, వెనక్కి తిరుగుతుంది. షాఫ్ట్‌కు తగులుకుని ఉన్న హ్యాండిల్, దాన్ని పట్టుకున్న మణికట్టు కూడా దానితోపాటే వెనక్కి వెళ్తాయి.

మోడల్ టి స్టీరింగ్ కింద ఎడమవైపున ఉండే చిన్న లివరు ఈ సమయాన్ని మార్చడానికే. హ్యాండిల్ తిప్పే ముందు దాన్ని పూర్తిగా పైకి తోయాలి, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేయాలి; ఇంజన్ అందుకున్నాక కిందికి లాగాలి. నిన్న సాయంత్రం బండి ఆపినప్పుడు లివరు కిందనే ఉండిపోయి, ఈ రోజు పొద్దున దాన్ని మరచిపోతే, దానికి మూల్యం చేయి చెల్లించేది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక కొన విరగడాన్ని వైద్యులు ఇప్పటికీ "షోఫర్ ఫ్రాక్చర్" (షోఫర్ అంటే కారు డ్రైవరు) అనే పేరుతోనే పిలుస్తారు. ఒక యంత్రపు లోపం మనిషి ఎముక పేరులో నిలిచిపోయిందంటే, అది ఎంత తరచుగా జరిగి ఉండాలో ఊహించవచ్చు.

అయితే చేతితో తిప్పే సరైన పద్ధతి ఏమిటి?

హ్యాండ్ బ్రేకు పూర్తిగా వెనక్కి లాగి ఉండాలి. మోడల్ టిలో అదే లివరు క్లచ్‌ను న్యూట్రల్‌లో ఉంచుతుంది కూడా. స్పార్క్ లివరు పైన ఉండాలి, పెట్రోలు లివరు కొద్దిగా తెరవాలి. ఇగ్నిషన్ ఆపి ఉంచి, రేడియేటరు పక్కన ఉండే చోక్ తీగను లాగుతూ రెండు మూడు సార్లు తిప్పి సిలిండర్లలోకి మిశ్రమం ఎక్కించాలి. ఆ తర్వాతే ఇగ్నిషన్ వేయాలి.

ఇక లాగేటప్పుడు ఎడమ చేత్తో, కింది నుంచి పైకి మాత్రమే లాగాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఇలా పట్టుకుంటే ఇంజన్ ఎదురుతన్నినా హ్యాండిల్ వేళ్ళను తెరిచి జారిపోతుంది. పై నుంచి కిందికి ఒత్తడం మొదలుపెడితే మాత్రం ఎదురుతన్నిన హ్యాండిల్ నేరుగా చేతి మీదికి లేస్తుంది. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ ప్రశ్న ఇక్కడ ఉండి తీరాలి.

స్ప్రింగ్ స్టార్టర్ ఎలా పనిచేసేది?

గోడగడియారంలో ఉండే చుట్టల స్ప్రింగునే చాలా పెద్దదిగా, వెడల్పైన ఉక్కు పట్టీతో చేసి, గుండ్రని డబ్బాలో పెట్టి, రేడియేటరు కింద హ్యాండిల్ ఉండే చోట బిగించేవారు. డ్రైవరు సీటు దగ్గరి పెడల్ గానీ లివరు గానీ నొక్కితే కొక్కెం విడిపోయి, స్ప్రింగ్ ఒక్కసారిగా విచ్చుకుంటూ క్రాంక్ షాఫ్ట్‌ను కొన్ని చుట్లు తిప్పేది. ఇంజన్ అందుకున్నాక, మేలైన రకాల్లో, ఇంజనే గేర్ల ద్వారా స్ప్రింగును తిరిగి చుట్టి కొక్కేనికి తగిలించి వదిలేది.

దీని గొప్పతనం వేగంలో ఉంది. మోడల్ టి ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, 16 అయస్కాంతాలు బిగించి ఉంటాయి. అవి తిరుగుతూ పుట్టించే కరెంటే స్పార్క్‌కు ఆధారం. చేత్తో మెల్లగా లాగినప్పుడు ఆ కరెంటు బలహీనంగా వస్తుంది కాబట్టి, మొదలుపెట్టడానికి చాలామంది విడిగా డ్రై బ్యాటరీలు పెట్టుకునేవారు. స్ప్రింగ్ మాత్రం ఆగకుండా వరుసగా తిప్పుతుంది గనుక ఆ అయస్కాంతాల ఏర్పాటు (మాగ్నెటో) తగినంత కరెంటు ఇవ్వగలుగుతుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. స్ప్రింగులో నిలవ ఉండేది కొన్ని చుట్లకు సరిపడే శక్తి మాత్రమే. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసినా, చలికి నూనె బిగుసుకున్నా ఆ కొన్ని చుట్లూ వృథా అయిపోతాయి. అప్పుడు డ్రైవరు దిగి స్ప్రింగును చేత్తో చుట్టాలి. దానికి పట్టే శ్రమ ఇంజన్‌ను నేరుగా తిప్పడానికి పట్టే శ్రమ కన్నా తక్కువేమీ కాదు. బాగా ఉన్న ఇంజన్‌కు స్ప్రింగ్ స్టార్టర్ అద్భుతంగా పనిచేస్తుంది, సుస్తీ చేసిన ఇంజన్‌కు అది ఏమాత్రం సాయపడదు. నా దృష్టిలో ఈ జాతి అంతరించిపోవడానికి ధర కన్నా, బరువు కన్నా ఇదే పెద్ద కారణం.

లివరు, తాడు రకాలు ఎలా ఉండేవి?

ఇవి ఇంకా సరళమైనవి, చౌకైనవి. క్రాంక్ షాఫ్ట్ ముందు కొనకు రాచెట్ పళ్ళున్న (ఒకవైపు తిప్పితేనే పట్టుకునే) చిన్న డ్రమ్ము, దాని చుట్టూ ఉక్కు తీగ, ఆ తీగ రెండో కొస సీటు ముందు ఉండే పొడవైన లివరుకు, అంతే సరంజామా. కూర్చున్న చోటి నుంచే లివరును బలంగా లాగితే తీగ డ్రమ్మును తిప్పుతుంది, వదలగానే చిన్న స్ప్రింగ్ తీగను వెనక్కి చుట్టేస్తుంది. నిలవ ఉంచే శక్తి ఏదీ లేదు, మనిషి బలమే శక్తి. కానీ వంగి నడుముతో లాగే బదులు ఒరిగి కూర్చుని వీపు బలంతో లాగవచ్చు, ఎన్నిసార్లయినా లాగవచ్చు, వానలో దిగనక్కరలేదు. ఒక్క లాగుకు ఒక కంప్రెషన్ దాటించేవి కొన్ని, రెండు దాటించేవి కొన్ని. ఆ రెండో కంప్రెషన్ చాలా విలువైనది, ఎందుకంటే మొదటి సిలిండర్ అందుకోకపోతే వెనకే రెండోది అందుకునే అవకాశం ఉంటుంది.

పొలాల్లో పంపుల తాడు ఇంజన్లు చూసిన వాళ్ళకు ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది.

ఎదురుతన్నితే ఈ స్టార్టర్లు మనిషిని కాపాడేవా?

అన్నీ కాదు. ఏ యాంత్రిక స్టార్టర్‌ను చూసినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇంజన్ వెనక్కి తిరిగితే దీనికి ఏమవుతుంది?

చాలామంది రాచెట్ ఉంటే చాలు, రక్షణ ఉన్నట్టే అనుకుంటారు. అది పొరపాటు. రాచెట్ పళ్ళకు ఒకవైపు వాలు, మరోవైపు నిలువు గోడ ఉంటాయి. ఇంజన్ అందుకుని ముందుకు పరుగెత్తినప్పుడు వాలు మీద జారి విడిపోవడానికే రాచెట్ పనికొస్తుంది. ఇంజన్ వెనక్కి తిరిగినప్పుడు నిలువు గోడ కొక్కేనికి తగిలి మరింత గట్టిగా పట్టుకుంటుంది. మామూలు హ్యాండిల్ కొనలో ఉండే పళ్ళ సంగతీ ఇంతే. మణికట్లు విరగ్గొట్టింది ఆ నిలువు గోడే. కాబట్టి రాచెట్ మాత్రమే ఉన్న లివరు స్టార్టర్‌లో ప్రమాదం పోలేదు, రేడియేటరు ముందు నుంచి సీటు దగ్గరికి వచ్చిందంతే.

మంచి తయారీదారులు దీనికి రెండు మార్గాలు కనిపెట్టారు. మొదటిది, షాఫ్ట్ కొన్ని డిగ్రీలు వెనక్కి తిరిగిన వెంటనే, ఆ కదలికే కొక్కేన్ని పంటి నుంచి పైకి లేపేలా చిన్న మీట అమర్చడం. రెండోది, డ్రమ్ముకూ షాఫ్ట్‌కూ మధ్య ఘర్షణతో పట్టుకునే పలక పెట్టి, హద్దు మీరిన బలం వస్తే జారిపోయేలా చేయడం. మొదటిది ఖచ్చితమైనది, కానీ మట్టి పడితే బిగుసుకుంటుంది. రెండోది మొరటుది, నూనె పడితే అవసరానికి ముందే జారుతుంది. ఇదే సూత్రంతో విడిపోయే రక్షణ హ్యాండిళ్ళు కూడా ఆ రోజుల్లో అమ్మకానికి ఉండేవి. ఖర్చుకూ ఫలితానికీ పోల్చి చూస్తే అవే అన్నిటికన్నా తెలివైన కొనుగోలు అని నా అభిప్రాయం. స్ప్రింగ్ స్టార్టర్లలో ఎదురుతన్ను స్ప్రింగును మరికాస్త చుట్టి అక్కడే ఆగిపోతుంది, మనిషి దాకా రాదు. ఆ విషయంలో స్ప్రింగుకు పూర్తి మార్కులు వేయాలి.

గాలితో మొదలయ్యే కార్లు నిజంగా ఉండేవా?

ఉండేవి, అవి ఖరీదైన కార్లు. అమెరికాలో వింటన్ కంపెనీ ఆరు సిలిండర్ల కార్లకు ఈ పద్ధతి వాడింది. చామర్స్ కంపెనీ 1912 మోడల్‌లో గాలి స్టార్టర్ ఇచ్చింది. బండి కింద ఒక తొట్టెలో ఒత్తిడితో గాలి నింపి ఉంచి, వాల్వు తెరిస్తే ఆ గాలి సరైన వరుసలో ఒక్కో సిలిండర్‌లోకి వెళ్ళి పిస్టన్లను తోసేది. తొట్టెలో గాలి మిగిలితే టైర్లకు కొట్టుకోవచ్చు. రోడ్లన్నీ మేకులూ గులకరాళ్ళూ నిండి ఉన్న ఆ రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే గొట్టాల కీళ్ళలో ఎక్కడ కాస్త లీకు ఉన్నా తెల్లారేసరికి తొట్టె ఖాళీ అయ్యేది, అప్పుడు మళ్ళీ హ్యాండిలే దిక్కు. పెద్ద డీజిల్ ఇంజన్లలో, ఓడల్లో ఈ పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది.

ఎసిటిలిన్‌తో ఎలా మొదలుపెట్టేవారు?

అప్పటి కార్ల ముందు దీపాలు ఎసిటిలిన్ గ్యాస్‌తో వెలిగేవి. కార్బైడ్ మీద నీళ్ళు పడితే వచ్చే గ్యాస్ అదే. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని మన ప్రభుత్వం నిషేధించిన కార్బైడూ అదే. ఇండియానాపొలిస్‌కు చెందిన ప్రెస్ట్ ఓ లైట్ కంపెనీ ఆ గ్యాస్‌ను సిలిండర్లలో నింపి అమ్మేది. దీపాల కోసం బండిలో ఎలాగూ ఉన్న గ్యాస్‌నే కొద్దిగా ఇంజన్ సిలిండర్లలోకి పంపి, ఇగ్నిషన్ వేస్తే, పవర్ స్ట్రోక్ (మంట పిస్టన్‌ను కిందికి తోసే దశ) మొదలైన స్థితిలో ఆగి ఉన్న సిలిండర్‌లో మంట పుట్టి ఇంజన్ తిరిగేది. ఎసిటిలిన్ గాలిలో సుమారు రెండున్నర శాతం నుంచి ఎనభై శాతం దాకా ఏ పాళ్ళలో కలిసినా మండుతుంది. అందుకే అది అంత తేలికగా అంటుకునేది, అందుకే అంత ప్రమాదకరం కూడా. పేలుడు మృదువుగా ఉండదు, పిస్టన్ల మీద, బేరింగుల మీద సుత్తి దెబ్బలా పడుతుంది.

ప్రదర్శన కోసమని ఈ రోజు ఎవరైనా దీన్ని తిరిగి నడిపించాలనుకుంటే, దయచేసి వద్దు. పాత బళ్ళలో రాగి గొట్టాలు ఎక్కువ. ఎసిటిలిన్ రాగితో కలిసి ఏర్పరిచే పదార్థం చిన్న తాకిడికే పేలగలదు.

విద్యుత్ స్టార్టర్ వీటన్నిటి తర్వాత వచ్చిందా?

ఆలోచన ముందే ఉంది. ఇంగ్లండులో డౌసింగ్ అనే ఇంజనీరు 1896లోనే ఆర్నాల్డ్ అనే కారుకు విద్యుత్ మోటారు అమర్చారు. సమస్యల్లా, ఇంజన్‌ను తిప్పగల మోటారు, దానికి తగిన బ్యాటరీ చాలా పెద్దవిగా ఉండేవి. ఒహాయోలోని డేటన్ నగరంలో క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేసిన చార్లెస్ కెటరింగ్ ఈ ముడిని విప్పారు. క్యాష్ రిజిస్టరు సొరుగును తెరిచే మోటారు రోజంతా తిరగనక్కరలేదు, కొన్ని క్షణాలు బలంగా తిరిగితే చాలు. అంత కొద్దిసేపటికైతే చిన్న మోటారు మీద కూడా మోయగలిగిన దానికన్నా చాలా ఎక్కువ భారం వేయవచ్చు. అదే సూత్రాన్ని ఆయన కారుకు అన్వయించారు. ఆయన డెల్కో సంస్థ చేసిన స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది.

క్యాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ దీని వెంటపడడానికి కారణం ఆయన మిత్రుడు, కార్ల తయారీదారు బైరన్ కార్టర్ మరణమని చెప్పుకుంటారు. దారిలో ఆగిపోయిన ఒకరి బండికి హ్యాండిల్ తిప్పి సాయం చేయబోతే అది ఎదురుతన్ని కార్టర్ గాయపడ్డారని, దాని పర్యవసానంగా 1908లో చనిపోయారని ఆ కథ.

విద్యుత్ స్టార్టర్ గెలవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే. స్ప్రింగ్ కొన్ని చుట్లు ఇస్తుంది, బ్యాటరీ కొన్ని నిమిషాలు ఇస్తుంది. పైగా బండి నడుస్తుంటే అది తనంతట తానే నిండుతుంది, దీపాలూ వెలిగిస్తుంది. స్టార్టర్, దీపాలు, ఇగ్నిషన్ మూడింటినీ ఒకే ఏర్పాటు మోయగలిగాక గాలి తొట్టెకూ గ్యాస్ బుడ్డికీ బండిలో చోటు లేకపోయింది.

మరి ఫోర్డ్ 1919 వరకు ఎందుకు ఆగింది?

ధర తగ్గించడమే ఆ కంపెనీ వ్యాపారానికి ప్రాణం. బ్యాటరీ, జనరేటరు, మోటారు, ఫ్లైవీల్‌కు పళ్ళ చక్రం అన్నీ కలిపితే బరువూ ధరా పెరుగుతాయి. ఇంజన్ బ్లాకును కూడా మార్చాలి, 1919లో మార్చారు కూడా. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా మాత్రం హ్యాండిల్ అవసరమే లేని డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు నడిపేవారు.

స్టార్టర్ లేకుండా, హ్యాండిల్ తిప్పకుండా ఇంజన్ దానంతటదే మొదలవుతుందంటారు, నిజమేనా?

నిజమే. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు పిస్టన్లు సాధారణంగా సగం దూరంలో ఆగుతాయి, అందులో ఒకటి పవర్ స్ట్రోక్‌లో ఉంటుంది. ఆ సిలిండర్‌లో మండని మిశ్రమం మిగిలి ఉండి, బ్యాటరీ కాయిల్‌తో స్పార్క్ ఇస్తే ఇంజన్ లేచి కూర్చుంటుంది. మోడల్ టి యజమానులకు ఈ క్షణం ఇచ్చే ఆనందం ఇంతా అంతా కాదు. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కార్లు కూడా వేడి మీద ఇలా స్విచ్చి వేయగానే మొదలయ్యేవి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారు దాని ముందు భాగాన్ని ఈసారి గమనించండి. అది 1912 నాటిది. ఆ మోడల్‌కు విద్యుత్ స్టార్టర్ 1919లో గానీ రాలేదు.

ఈ యాంత్రిక స్టార్టర్ల వారసులు మన దగ్గర ఎక్కడైనా కనిపిస్తాయా?

ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. మోటారు సైకిల్ కిక్కర్ అంటే కాలితో తన్నే రాచెట్ స్టార్టరే. పాత బుల్లెట్ నడిపినవాళ్ళు అమ్మీటరు ముల్లును మధ్యకు తెచ్చి, సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివరు నొక్కి, పిస్టన్‌ను గుట్ట దాటించి, అప్పుడు తన్నేవారు. అలా చేయకపోతే కిక్కర్ మడమ మీదికి ఎదురుతన్నేది. మోడల్ టి స్పార్క్ లివరు నేర్పిన పాఠమే అది. పల్లెల్లో పంపుసెట్ల ఆయిల్ ఇంజన్‌కు డీకంప్రెషన్ మీట ఎత్తిపట్టి, హ్యాండిల్ వేగంగా తిప్పి, మీట వదలడం కూడా అదే కుటుంబపు విద్య. ఆ తిప్పుడులో బరువైన ఫ్లైవీలే స్ప్రింగులా శక్తిని నిలవచేస్తుంది. అంబాసిడర్ కార్లకూ జీపులకూ కూడా చాలాకాలం హ్యాండిల్ వచ్చేది, సెల్ఫ్ మొరాయించిన రోజు అదే ఆదుకునేది.

పాత కారుతో పాటు ఒక స్ప్రింగ్ స్టార్టర్ దొరికింది. అది కారుతో వచ్చిన అసలు భాగమేనా, బిగించి వాడవచ్చా?

మోడల్ టి అయితే అది ఫ్యాక్టరీ భాగం కాదు, ఆ కాలపు యజమాని విడిగా కొని పెట్టించుకున్నది. అలాగని తీసిపారేయకండి, ఆ బండి చరిత్రలో అదీ ఒక పుట.

డబ్బా మూత విప్పే ముందు స్ప్రింగ్ చుట్టి ఉందా, విచ్చుకుని ఉందా అన్నది తేల్చుకోండి. దశాబ్దాల క్రితం చుట్టి కొక్కేనికి తగిలించిన స్ప్రింగ్ తుప్పుతో అతుక్కుని నిశ్శబ్దంగా ఉండిపోవచ్చు, స్క్రూ వదులు కాగానే విడుదల కావచ్చు. ఉక్కు పట్టీ అంచులు కత్తిలా ఉంటాయి. తెలియకపోతే విప్పకండి, పెద్ద స్ప్రింగులతో పని చేసే అనుభవం ఉన్న మెకానిక్‌కు అప్పగించండి. విప్పిన తర్వాత పట్టీ పొడవునా, ముఖ్యంగా రెండు కొసల రంధ్రాల దగ్గర, బీటలు ఉన్నాయేమో చూడాలి. బీట ఉన్న స్ప్రింగును వెల్డింగు చేయించవద్దు, ఆ వేడికి ఉక్కు పదును పోతుంది.

బిగించాక మొదట ఇగ్నిషన్ ఆపి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి, స్టార్టర్‌ను వదిలి చూడండి. షాఫ్ట్ సాఫీగా తిరిగి, స్ప్రింగ్ పూర్తిగా విచ్చుకున్నాక కొక్కెం దానంతటదే దూరంగా తప్పుకోవాలి. ఆ తర్వాత ఇంజన్‌ను చేత్తో కొద్దిగా వెనక్కి తిప్పి, ఎదురుతన్ను మీట ఉంటే అది పనిచేస్తుందో లేదో వేలితో తాకకుండా కళ్ళతో చూడండి. ఈ రెండూ సరిగా ఉంటేనే ప్లగ్గులు తిరిగి పెట్టాలి. బండిని షెడ్డులో వదిలి వెళ్ళేటప్పుడు స్ప్రింగును చుట్టి ఉంచకండి, పూర్తిగా విచ్చుకోనిచ్చి వెళ్ళండి.